నేను ఎత్తాల్సిన చోటు

ఇది రాయడానికి కూర్చోవడం నాలుగోసారి. మూడుసార్లు రాసిన కాగితాలు పొయ్యిలోకి పోయాయి. మా ఆయన కొండబాబు చూసి చూసి, "గొంతు పోనాది గానీ సెయ్యి బాగానే ఉంది గదా, రాయి" అన్నాడు. ఓదార్చడం అతనికి పెళ్ళైన కొత్తలోనూ రాదు, ఇప్పుడూ రాదు. కానీ ఆ మాటలో అబద్ధం లేదు కాబట్టి రాస్తున్నాను. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పి మూడు నెలలు దాటింది. అది విని మావాళ్ళందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఇంకా ఆ ఊపిరి ఆడలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు పాట సంగతి చెప్పాలి.

నా పేరు చిలకమ్మ. హుకుంపేట నుంచి ఆటోలో కొంత దూరం వెళ్ళి, దిగి నడిస్తే వచ్చే ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని. పిల్లలకు గుడ్డూ అన్నమూ పెట్టడం, బరువు తూచడం, ముక్కులు తుడవడం నా ఉద్యోగం. కానీ చుట్టుపక్కల నన్ను టీచరుగా ఎరిగినవాళ్ళు తక్కువ. థింసా పాటలు ఎత్తే చిలకమ్మ అంటే మాత్రం చాలామందికి తెలుస్తుంది. థింసా ఆడేటప్పుడు ఆడవాళ్ళం ఒకరి నడుం వెనక ఒకరం చేతులు వేసుకుని వరసగా అడుగు కలుపుతాం కదా, ముందున్న మనిషి ఒక చరణం ఎత్తితే మిగతావాళ్ళు అందుకుంటారు. పాతికేళ్ళుగా ఆ ముందున్న మనిషిని నేను. పాటలు కట్టేదీ నేనే. అన్నిటికన్నా ఎక్కువ తిరిగిన పాట ఇది:

*వలిసె పూసిన గట్టు మీద ఎవలున్నారే...*

అని నేనెత్తితే,

*మేమున్నామే, మేమున్నామే, సూడ రాయే...*

అని వరసంతా అందుకునేది. పెద్ద కవిత్వం ఏమీ కాదు. వలిసె చేలు పచ్చగా పూసినప్పుడు అందులో దాక్కున్న ఆడపిల్లల్ని వెతకడం, అంతే. దాన్ని శ్రీను ఫోనులో రికార్డు చేశాడు. శ్రీనుది విజయనగరం వైపు. ఇక్కడికొచ్చి సంత దగ్గర మొబైల్ షాపు పెట్టుకుని స్థిరపడ్డాడు. నన్ను అడిగాడా అంటే లేదు. మెమరీ కార్డుల్లో ఎక్కించి ఇచ్చేస్తే ఆటోల్లో, జీపుల్లో, లంబసింగిలో చలిమంట వేసుకునే టూరిస్టుల మధ్య, సీలేరు కాలనీలో, అన్ని చోట్లా అదే మోగింది. నేను చూడని ఊళ్ళు కూడా నా పాట చూసింది.

మా పది పన్నెండు ఊళ్ళలో ఒక పద్ధతుంది. ఒక మనిషి కట్టి ఎత్తిన పాటను ఆ మనిషి బతికుండగా ఇంకొకరు ఎత్తరు. అందుకోవచ్చు, ఎంతమందైనా. ఎత్తకూడదు. ఆమె పోయాక, దినం రోజున, ఆమె ఇంటి ముందు నిలబడి మొదటిసారి ఇంకొకరు ఎత్తుతారు. ఆ రోజు నుంచి అది అందరి పాట. మా అత్త పాటల్ని నేను అలాగే ఎత్తాను, ఏడుస్తూ. దీన్ని ఎవరూ రాసి పెట్టలేదు, కానీ తప్పినవాళ్ళని నేను చూడలేదు.

ఇక గడ్డ సంగతి. గొంతు కింద నిమ్మకాయంత గడ్డ నాకు రెండేళ్ళ ముందు నుంచీ ఉంది. దాచుకోలేదు. మా అమ్మమ్మకీ ఉండేది, మా పెద్దమ్మకీ ఉండేది, వాళ్ళిద్దరూ పాడేవాళ్ళే. మా కొండల్లో అలాంటి గడ్డలు పాతకాలం నుంచీ ఉన్నాయి. పాడే ఆడదాని మెడలో గడ్డ కనిపిస్తే దాన్ని పాటల మూట అని మురిసిపోయేవాళ్ళు. లోపల పాటలు నిలవ ఉన్నాయని, అది కరిగితే పాట కరుగుతుందని. నాకూ లోలోపల గర్వంగానే ఉండేది. ఫోటోలు తీస్తుంటే మెడ ఎత్తి మరీ నిలబడేదాన్ని. అంగన్‌వాడీలో గోడకి బొమ్మలు అంటించి, ఉప్పు ప్యాకెట్టు చూపించి, గొంతు వాపు ఉంటే ఆసుపత్రికి వెళ్ళాలమ్మా అని తల్లులకు పాఠం చెప్పింది కూడా నేనే. పాఠం వేరు, మన మెడ వేరు అనుకున్నాను. ఇది చదివేవాళ్ళలో మెడ దగ్గర గడ్డ ఉన్నవాళ్ళుంటే ఇక్కడే కాగితం మూసి చూపించుకు రండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

శ్రావణంలో మింగడం కష్టమైంది. రాగి అంబలి కూడా రెండు గుక్కలుగా దిగేది. ఒక పెళ్ళిలో పాట ఎత్తితే సగంలో గొంతు చీలిపోయి, గాలి ఒక్కటే వచ్చింది. నా పక్కన ఎప్పుడూ నిలబడే బుల్లెమ్మ వెంటనే అందుకుని కప్పేసింది. బుల్లెమ్మ నా ఈడుదే. ఆదివారం చర్చిలో కీర్తనలు, మిగతా రోజుల్లో నా పాటలు. దేవుడికి ఒక్క రోజూ నాకు ఆరు రోజులూ ఇస్తున్నావు, పాస్టరుగారు ఊరుకుంటాడా అని ఏడిపించేదాన్ని. ఆ రోజు ఇంటికొస్తూ, మూట బరువెక్కిందేమో, కొత్త పాటలు పడుతున్నాయేమో అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుకి ఇంకో రెండు నెలలు పోయాయి.

చివరికి మా ఊరికొచ్చే నర్సమ్మ వేలు పెట్టి నొక్కి చూసి, రాయిలా ఉంది, ఇప్పుడే బయల్దేరు అంది. పాడేరులో చూపిస్తే విశాఖ పంపారు. సూది పెట్టి తీసిన పరీక్ష ఫలితం కోసం కార్తీకంలో నాలుగు సార్లు ఘాటు రోడ్డు దిగి ఎక్కాం. ఆసుపత్రి హాల్లో ఇనప కుర్చీలు, గోడకి ఒక టీవీ, దానికి మాట లేదు, బొమ్మ మాత్రమే. టోకెన్ నంబరు పిలిస్తే వినపడదేమో అని కొండబాబు గంటలకొద్దీ తలుపు దగ్గరే నిలబడేవాడు. అడవిలో పొద్దుగూకే దాకా నడిచినా అలవనివాడు ఆ హాల్లో నిలబడి అలిసిపోయాడు.

అక్కడే ఒక రోజు ఎవరి ఫోనో మోగింది. *వలిసె పూసిన గట్టు మీద ఎవలున్నారే.* నా గొంతు, రెండేళ్ళ కిందటిది. హాలంతా అటు చూసింది. ఆ ఫోను సీలేరు కాలనీలో లైన్‌మన్‌గా పనిచేసే ఒకాయనది, వాళ్ళ అమ్మని డాక్టరుకి చూపించడానికి వచ్చాడు. కొండబాబు ఊరుకోలేక, ఆ పాట ఈవిడదే అన్నాడు. ఆయన నమ్మలేదు. ఒక్క ముక్క అనమని నన్ను అడిగాడు. నేను నోరు తెరిస్తే కీచుమని ఏదో వచ్చింది. ఆయన ముఖం చూసి నాకే జాలేసింది. లేచి తన కుర్చీ నాకిచ్చాడు, వాళ్ళమ్మ తన బన్ను సగం చేసి ఇచ్చింది. ఆ పూట నాకు ఎవరైనా చేసిన ఉపకారం అదొక్కటే. పరీక్ష ఫలితం కూడా ఆ రోజే చేతికొచ్చింది. ఆ సాయంత్రానికి మా కొండల్లో ఫోను ఉన్న ప్రతివాడికీ చిలకమ్మకి క్యాన్సరని తెలిసిపోయింది.

మార్గశిరంలో ఆపరేషన్ చేశారు. స్పృహ వచ్చాక మొదట మెడ తడుముకున్నాను. కట్టు తగిలింది. తర్వాత "మావా" అని పిలిచాను. పిలిచాననే అనుకున్నాను. పక్కనే కూర్చున్న కొండబాబు తల తిప్పలేదు. మళ్ళీ పిలిచాను. అప్పుడు అర్థమైంది, పిలుపు నా లోపలే ఉండిపోతోందని. ఆ తర్వాత వచ్చింది గుసగుస, చెవి దగ్గర పెట్టుకుంటే వినపడేంత. వాపు తగ్గాలి, కొన్నాళ్ళు పడుతుంది అని కొండబాబు చెప్పాడు. డాక్టరుతో మాట్లాడి వచ్చినవాడు అతనే కాబట్టి నమ్మాను. డాక్టరు నాతో మాట్లాడినప్పుడు ప్రాణం గురించే చెప్పాడు, నేనూ భయపడి గొంతు గురించి అడగలేదు. ఇద్దరం తెలివైనవాళ్ళమే.

ఇంటికి తెచ్చిన రోజు నుంచీ జనం. లంబసింగి అవతలి నుంచి కూడా వచ్చారు. అల్లం తెచ్చారు, తేనె తెచ్చారు, పెట్టల్ని కాళ్ళు కట్టి తెచ్చారు. చర్చివాళ్ళు వచ్చి నా మంచం చుట్టూ మోకరించి ప్రార్థన చేస్తుంటే, ఒక ముసలాయన నా చేతికి తాడు కట్టడానికి బయట కూర్చుని ఎదురుచూశాడు. వాళ్ళూ వీళ్ళూ ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. వచ్చిన ప్రతి ఒక్కరూ "నువ్వు మాటాడకు అక్కా" అనేవాళ్ళు, వెంటనే ఏదో ఒకటి అడిగేవాళ్ళు. పాటల మూట కోసి తీసేశారట గదా అని ఒకామె భోరుమంది. పాటలు మూటలో లేవమ్మా, తలలో ఉన్నాయి అని గుసగుసగా చెప్తే ఆమెకు వినపడక ఇంకా ఏడ్చింది. వెళ్తూ వెళ్తూ అందరూ ఒకటే మాట. "ఇటుకల పండక్కి నువ్వే ఎత్తాల." చైత్రంలో ఊళ్ళన్నీ కలిసి ఆడే పండగ అది. ఆ మాట దీవెన అనుకున్నాను.

ఒంట్లో మిగిలిన జబ్బుని చంపే అయోడిన్ మందు ఇవ్వడానికి ముందు కొన్ని వారాలు, ఆపరేషన్ తర్వాత రోజూ వేసుకునే మాత్రలు ఆపేశారు, ఉప్పు కూడా అయోడిన్ లేని వేరే ఉప్పు. ఆ పుష్యమాసం చలి నేను జన్మలో మర్చిపోను. మూడు దుప్పట్లు కప్పుకుని పొయ్యి పక్కన పడుకున్నా ఒళ్ళు వేడెక్కేది కాదు. ముఖం ఉబ్బింది, నడక అలిసిన ఎద్దు నడకలా అయింది, ఆలోచన కూడా నెమ్మదైపోయింది. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు వెతుక్కునేసరికి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. చచ్చిపోవాలని ఏమీ లేదు కానీ బతకడానికి బద్ధకంగా ఉండేది. కొండబాబు మీద కారణం లేకుండా కోపం. వాడి దగ్గు వినపడినా కోపమే, కనీసం వాడి దగ్గు వినపడుతోంది కదా అని.

మాఘంలో మందు మింగించి నన్ను ఒక్కదాన్నే ఒక గదిలో పెట్టారు. ఒంట్లోంచి కిరణాలు వస్తాయట, ఎవరూ దగ్గరికి రాకూడదు. భోజనం తలుపు దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు. నోరు ఎండకుండా నిమ్మముక్కలు చప్పరించమన్నారు. ఫోను ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇచ్చారు. బయల్దేరే ముందు సంతలో ఆగినప్పుడు శ్రీను ఒక మెమరీ కార్డు నా చేతిలో పెట్టాడు. ఊళ్ళలో సిగ్నల్ లేనివాళ్ళంతా సంతకొచ్చి అతని షాపులో నా కోసం మాట్లాడి రికార్డు చేసి వెళ్ళారట. రెండు నెలలు పోగు చేశాడు. ఒంటరిగా ఉంటావు, వినక్కా అన్నాడు. అంత మంచి మనసుతో ఎవరూ నాకు ఏమీ ఇవ్వలేదు, దాని వల్ల పడ్డంత బాధ కూడా నేను ఎప్పుడూ పడలేదు.

మొదట మాటలు. మా బడి పిల్లలు నేర్పిన పద్యంలా "టీచరమ్మా బేగి రండి" అన్నారు. సీలేరు లైన్‌మన్ వాళ్ళమ్మ బాగైందని చెప్పాడు. ఎవరో పెద్దాయన తన మేక ఈనిందని, దానికి చిలకమ్మ అని పేరు పెట్టానని చెప్పాడు. నవ్వొచ్చింది. తర్వాత పాటలు మొదలయ్యాయి.

తుడుం కొట్టారు. అడుగుల చప్పుడు, కాళ్ళ కడియాల చప్పుడు. నేను ఎత్తాల్సిన చోటు వచ్చింది. ఎవరూ ఎత్తలేదు. ఎంతసేపు నేను పాడతానో అంతసేపు అడుగులు ఒక్కటే వినపడ్డాయి. ఆ తర్వాత అందరూ కలిసి,

*మేమున్నామే, మేమున్నామే, సూడ రాయే...*

మళ్ళీ నా చోటు. మళ్ళీ అడుగులు. మళ్ళీ మేమున్నామే. ఒక ఊరి తర్వాత ఇంకో ఊరు, అన్ని ఊళ్ళూ అలాగే. నా చోటును ఎవరూ తాకలేదు. నువ్వున్నావు, నీ చోటు నీదే అని చెప్పడం వాళ్ళ ఉద్దేశం. పద్ధతి తెలిసినదాన్ని, నాకు తెలియదా? మొదటి ఊరికి కళ్ళ నీళ్ళతో దండం పెట్టాను. రెండో ఊరికి నోరు తెరిచి ఎత్తబోయాను. గాలి వచ్చింది. గది తలుపు మూసే ఉంది, వినేవాళ్ళు లేరు, సిగ్గుపడాల్సిన పని లేదు, ఎంత బలంగా అయినా ప్రయత్నించొచ్చు. ప్రయత్నించాను. మెడ నరాలు పొంగి కుట్ల దగ్గర మండింది కానీ పాట రాలేదు. వాళ్ళు మాత్రం ఆగి, నేను ఎత్తాననుకుని, మేమున్నామే అంటూనే ఉన్నారు. ఐదో ఊరికి చెవులు మూసుకున్నాను.

ఆ పాటల మధ్య ఒక ఊరి ఆడవాళ్ళ మాట వచ్చింది. "కొండబాబు బావ సెప్పినాడక్కా, పండగేలకి గొంతు వచ్చేత్తాదని డాక్టరుబాబు అన్నాడట. ఈ ఏడు పెళ్ళిళ్ళల్లో నీ పాటలు ఆపీసినాం. నువ్వొచ్చి ఎత్తినాకే." డాక్టరు అలా అన్నట్టు నాకెవరూ చెప్పలేదే అనుకున్నాను.

కొండబాబుకి ఫోను చేశాను. నా గుసగుస ఫోనులో సరిగ్గా వెళ్ళదు, నాలుగు సార్లు అడిగాను, నా గొంతు వస్తుందా రాదా అని. చివరికి చెప్పాడు. "గొంతు నరం గడ్డలో కలిసిపోనాదట. కొయ్యకపోతే పానం దక్కదన్నారు. మాట కొంచెం తేరుతాదట. పాట రాదట. సంతలో అంతమంది సుట్టూ సేరి అడిగితే లేదని ఎలాగ సెప్పనే? నీకే సెప్పలేకపోనాను."

నేను ఫోను పెట్టేసి గోడవైపు తిరిగి కూర్చున్నాను. తిట్టడానికైనా గొంతు కావాలి. బతికించినందుకు ఆ డాక్టరు మీద, అబద్ధం చెప్పినందుకు మా ఆయన మీద, చోటు వదిలినందుకు ఆ ఊళ్ళ మీద, అందరి మీదా ఒకేసారి అసహ్యం వేసింది. నేను టేబుల్ మీదే పోయుంటే ఈపాటికి దినం అయిపోయి, ఎవరో ఒకరు పాట ఎత్తేసి ఉండేవాళ్ళు. పెళ్ళిళ్ళలో పాట ఉండేది. బతికి ఉండి నా పాటలకు అడ్డం పడ్డాను. ఇలా అనుకోవడం తప్పని ఎవరైనా అంటే అననివ్వండి, నేను అలాగే అనుకున్నాను.

మూడో రోజున, వినను వినను అనుకుంటూనే, కార్డులో మిగిలింది పెట్టాను. చివర్లో ఒక ఆడపిల్ల గొంతు. తుడుం లేదు, వరస లేదు. ఒక్కతే. నా చరణం ఎత్తింది. తనే అందుకుంది. మళ్ళీ ఎత్తింది. ఎక్కడా ఖాళీ లేకుండా పాట మొత్తం పాడేసింది.

నాకు దినం చేసేశారా అనిపించింది. కోపంతో ఆపబోయి, ఆపలేదు. గొంతు సన్నం, రెండో చరణంలో శ్రుతి పైకి పోయింది, ఒక మాట తప్పు. అయినా పాట నడుస్తోంది. నా ప్రమేయం లేకుండా, నా కోసం ఆగకుండా ముందుకు పోతోంది. ఆ నాలుగు రోజుల్లో నేను చివరిదాకా విన్న పాట అదొక్కటే. మళ్ళీ మళ్ళీ విన్నాను.

ఆ పిల్ల రాధ. పక్క పంచాయతీ. లంబసింగిలో టూరిస్టుల టెంట్ల దగ్గర వంట చేస్తుంది. తర్వాత శ్రీనే చెప్పాడు ఎలా జరిగిందో. ఊళ్ళవాళ్ళు పాడిన పాటల్లో మధ్యమధ్య ఖాళీలు చూసి, రికార్డింగు పాడైందని అనుకున్నాడట. పాపం మైదానం మనిషి, ఇరవై ఏళ్ళుగా మాతో ఉన్నా ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. జబ్బు మనిషికి తెగిపోయిన పాటలేం ఇస్తామని, షాపుకొచ్చిన రాధను పట్టుకుని, ఒక్కటైనా పూర్తిగా పాడమ్మా అని బతిమాలాడు. ఆ గుంట భయపడింది. అక్కకోసమే కదా అంటే పాడేసింది.

ఫాల్గుణంలో ఇంటికొచ్చాను. పిల్లల దగ్గరికి కొన్ని వారాలు వెళ్ళకూడదన్నారు. కంచం వేరు, గ్లాసు వేరు. అంగన్‌వాడీ పిల్లలు దడి అవతల నిలబడి టీచరమ్మా అని పిలిచేవాళ్ళు. చెయ్యి ఊపితే లోపలికి రమ్మన్నాననుకుని వచ్చేయబోయేవాళ్ళు. అందుకని చెయ్యి ఊపడం కూడా మానేశాను. ఊళ్ళో మూడు పెళ్ళిళ్ళయ్యాయి. మూడింటికీ డీజే బాక్సులు పెట్టి సినిమా పాటలు వేశారు. నా మీద గౌరవంతో.

అప్పుడు బుల్లెమ్మ వచ్చి దూరంగా అరుగు మీద కూర్చుని ఒక మాట చెప్పింది. రాధ నా పాట ఎత్తిందని శ్రీను షాపులో విన్నవాళ్ళ వల్ల ఊళ్ళన్నీ తెలిసిపోయిందట. బతికున్న మనిషికి దినం పాట పాడింది, అందుకే చిలకమ్మ గొంతు తిరిగి రావడం లేదు అని తేల్చేశారు. రాధని థింసా వరసలోకి రానివ్వడం లేదు. వాళ్ళమ్మని సంతలో ముఖం మీదే తిట్టారు. బుల్లెమ్మ కూడా అదే నమ్ముతోంది, నా ఎదురుగా కూర్చుని ఆ పిల్లని శాపాలు పెట్టింది.

నేను దగ్గరికి రమ్మని సైగ చేసి నిజం చెప్పాను. నరం పోయింది మార్గశిరంలో, ఆ పిల్ల పాడింది పుష్యంలో. పండక్కి కాదు, ఎప్పటికీ ఎత్తలేను. బుల్లెమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే ఇన్నాళ్ళూ మేం ఎవలికోసం ఆగినాం?" అంది.

లేచి వెళ్ళిపోయింది. వారం రోజులు మా గుమ్మం తొక్కలేదు. ఆమెని తప్పు పట్టను. జబ్బు నాది కానీ ఎదురుచూసింది వాళ్ళు.

చైత్రం వచ్చింది, ఇటుకల పండగ వచ్చింది. కొండబాబు వెళ్ళొద్దన్నాడు, ఒంట్లో బాలేదని చెప్పేస్తానన్నాడు. ఇంకో అబద్ధం వద్దన్నాను. శ్రీనుతో కబురు పంపి రాధని పిలిపించాను, వాళ్ళమ్మతో సహా వచ్చింది. పండగ ఆడే మైదానం బయట చింత చెట్టు దగ్గర ఎవరితోనూ కలవకుండా నిలబడ్డారు. మైదానంలో ఎన్ని ఊళ్ళవాళ్ళో. నన్ను చూడగానే ఈలలు, చప్పట్లు. తుడుం మొదలైంది. ఆడవాళ్ళు వరస కట్టి, ముందు నా చోటు ఖాళీగా ఉంచి చూస్తున్నారు.

నేను చింత చెట్టు దగ్గరికి నడిచి రాధ చెయ్యి పట్టుకున్నాను. నడిపించుకొచ్చి వరస ముందు నా చోట్లో నిలబెట్టాను. చప్పట్లు ఆగిపోయాయి. వెనక ఎవరో ఏటిది, ఏటి సేత్తంది అంటున్నారు. నేను రాధ చెవి దగ్గర నోరు పెట్టి, ఎత్తమన్నాను.

"నానెత్తనక్కా" అంది. "నువ్వు బతికే ఉన్నావు గదా."

"మనిషిని బతికున్నాను. పాట మనిషిని పోయాను. నువ్వు ఎత్తకపోతే పాట కూడా పోద్ది. ఎత్తు."

ఆ మాటలు ఆమెకి తప్ప ఎవరికీ వినపడలేదు. కానీ నేను వరస వదిలి పక్కకు వచ్చి నేల మీద కూర్చోవడం అందరూ చూశారు. పోయిన మనిషిని ఇంటి ముందు నేల మీద ఉంచినట్టు, పాట ఎత్తేవాళ్ళకి ఎదురుగా. అర్థం కానివాళ్ళు ఎవరూ లేరు. కొండబాబు తల దించుకున్నాడు.

రాధ కళ్ళు మూసుకుని ఎత్తింది.

*వలిసె పూసిన గట్టు మీద ఎవలున్నారే...*

ఎవరూ అందుకోలేదు. తుడుం కొట్టేవాడు కూడా తడబడ్డాడు. ఆ పిల్ల మళ్ళీ ఎత్తింది, ఈసారి గొంతు విరిగింది. అప్పుడు బుల్లెమ్మ, నా వైపు చూడకుండా, ఏడుస్తూ అందుకుంది. ఆమె తర్వాత ఇద్దరు, ఆ తర్వాత వరసంతా. మేమున్నామే, మేమున్నామే. నాకూ అందుకోవాలనిపించింది. నోరు తెరిచాను కూడా. పోయిన మనిషి వంత పాడదని గుర్తొచ్చి మూసుకున్నాను.

పాట బాగా వచ్చిందా అంటే రాలేదు. రాధకి ఇంకా ఊపిరి చాలదు, నేర్చుకోవాలి. ఇప్పుడు వారానికి రెండు రోజులు వస్తుంది, చూపించగలిగినంత చూపిస్తున్నాను. ఆమెని ఎవరూ ఏమీ అనడం లేదు. దీన్ని చూసి నేను గెలిచానని కొంతమంది అంటారు. రోజూ పొద్దున్నే లేచి మాత్ర వేసుకుంటాను, పిల్లలకి గుడ్లు ఉడకబెడతాను, గట్టు మీది నుంచి ఎవరైనా నా పాట పాడుకుంటూ పోతుంటే పని ఆపి వింటాను. సంతోషం వస్తుందేమో అని చూస్తాను. ఇంతవరకూ రాలేదు.

ఆ రోజు ఆట ముగిశాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే నేను కూర్చున్న చోటికి వచ్చారు. ఇన్ని నెలలూ మా ఇంటికి తేనె తెచ్చినవాళ్ళు, ప్రార్థన చేసినవాళ్ళు, ఖాళీలు వదిలి పాడినవాళ్ళు. వంగి నా రెండు చేతులూ పట్టుకుని కాసేపు ఉండి, వదిలేసి, దారి పట్టారు. చావింటి నుంచి వెళ్ళేటప్పుడు వస్తామని చెప్పకూడదు కదా. ఒక్కరూ చెప్పలేదు. బుల్లెమ్మ కూడా చెప్పలేదు. నేనూ రమ్మని అనలేదు.